ఇంటి వెనక ఫ్యాన్: పదేళ్ళు దాటాక నా సమీక్ష

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు మా ఊరి గుట్ట మీద గాలిమరలు పెట్టి పదేళ్ళు దాటింది. మేం వాటిని ఫ్యాన్లనే అంటాం. అన్నిటికన్నా దగ్గరది మా ఇంటికి సరిగ్గా తూర్పున, ఆరేడు వందల మీటర్ల దూరంలో ఉంది. 2 మెగావాట్ల మిషను. స్తంభమే 90 మీటర్లు ఉంటుంది, రెక్క నిటారుగా లేచినప్పుడు దాని మీద ఇంకో 45 మీటర్ల పైమాటే. ఇప్పుడు పక్క మండలాల్లో ఇంకా పెద్దవి, 3 మెగావాట్లవి పెడతామని సర్వేలు జరుగుతున్నాయి. అక్కడి బంధువులు ఫోన్ చేసి "ఎట్లుంటుందప్పా, ఒప్పుకోవచ్చా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా.

ముందు భయాల సంగతి. ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తాయని, వానలు పడవని మా ఊళ్ళో గట్టిగా నమ్మినవాళ్ళున్నారు. మహారాష్ట్రలోనూ ఇదే మాట అప్పట్లో చాలా ఊళ్ళు తిరిగింది. మా జిల్లా సగటు వర్షపాతమే 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఫ్యాన్లు రాకముందు కూడా వేరుశనగ ఎండిన ఏళ్ళే ఎక్కువ. మబ్బులు ఉండే ఎత్తుకూ రెక్క తిరిగే ఎత్తుకూ పొంతనే లేదు. గొర్రెలు, మేకలు ఈసుకుపోతాయన్నారు, అంటే కడుపులు పోతాయని, అదీ జరగలేదు. మొదటి నెల బెదిరిన మందలే ఇప్పుడు మధ్యాహ్నం ఎండకు స్తంభం నీడలో పడుకుంటున్నాయి. కెనడా ఆరోగ్య శాఖ 1,238 మందిని తీసుకుని, గాలిమరల దగ్గర బతికేవాళ్ళ మీద పెద్ద అధ్యయనం చేసి 2014లో ఫలితాలు చెప్పింది. జబ్బులకు, గాలిమర శబ్దానికి సంబంధం కనబడలేదు. కానీ శబ్దం పెరిగేకొద్దీ జనంలో చిరాకు పెరగడం మాత్రం స్పష్టంగా తేలింది. నా అనుభవం అచ్చంగా ఇదే. రోగం రాలేదు, నెమ్మది పోయింది.

శబ్దం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడే అందరూ పొరబడతారు. సర్వేకి వచ్చినవాళ్ళు పట్టపగలు మిమ్మల్ని ఏదో ఒక ఫ్యాన్ దగ్గరికి తీసుకెళ్ళి "చూడండి, మాట వినబడుతోంది కదా" అంటారు. నిజమే, పగలు ఏ ఇబ్బందీ ఉండదు. ఆషాఢ మాసపు గాలిలో కూడా పెద్ద బాధ లేదు, ఎందుకంటే అప్పుడు చెట్లు, రేకులు, గడ్డివాములు అన్నీ చప్పుడు చేస్తుంటాయి, ఫ్యాన్ మోత అందులో కలిసిపోతుంది. అసలు బాధ నేల మీద ఆకు కూడా కదలని రాత్రుల్లో. పొద్దుగూకాక నేల చల్లబడి కింద గాలి పడిపోతుంది, వంద మీటర్ల ఎత్తులో మాత్రం గాలి అలాగే వీస్తుంటుంది. ఊరంతా సద్దుమణిగాక ఆ రెక్కల చప్పుడు ఒక్కటే మిగులుతుంది. మూడు రెక్కలు, నిమిషానికి పదిహేను చుట్లు. అంటే నిమిషానికి నలభై ఐదు సార్లు హుష్షు హుష్షుమని వస్తుంటుంది. మధ్యలో గాలి దిక్కు మారితే ఫ్యాన్ తల తిప్పుకుంటూ ఒక కీచు శబ్దం.

మా వైపు ఎండాకాలంలో మిద్దె మీదే పడక. మా అవ్వ ఆ చప్పుడుకి మొదటి వేసవిలోనే మిద్దె దిగేసింది. "రాత్రంతా ఎవరో బండ మీద గుడ్డలు ఉతుకుతాంటే నిద్రెట్ల పడుతుంది రా" అంది. ఉక్కపోతలో పడమటి వసారాలో మంచం వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని పడుకునేది. పోయేదాకా మళ్ళీ మిద్దె ఎక్కలేదు. నాకు ఈ విషయంలో ఇప్పటికీ కోపం తగ్గలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రిపూట మా గోడ దగ్గర మీటరు పెట్టి కొలవమని ఎన్నిసార్లు అర్జీ పెట్టుకున్నామో. వచ్చినవాళ్ళు ప్రతిసారీ పగలే వచ్చారు.

2019లో ప్రభుత్వం గాలి కరెంటు ఒప్పందాలను తిరగదోడినప్పుడు మంచి గాలి కాలంలోనే ఫ్యాన్లు ఆపేసిన రోజులున్నాయి. ఆ రాత్రుల్లో మా వీధివాళ్ళంతా మిద్దెల మీద పడుకున్నారు. కప్పల అరుపులు, దూరంగా బస్సు హారను కూడా వినబడ్డాయి. డబ్బు లెక్క కోసం ఆపగలిగిన మిషన్ని మనుషుల నిద్ర కోసం కాస్త నెమ్మదిగా ఎందుకు తిప్పలేరు? అసలు ఈ కాలపు మిషన్లకు రాత్రిళ్ళు శబ్దం తగ్గించి నడిపే పద్ధతి ఉంది. ఉత్పత్తి కొంచెం తగ్గుతుంది, అంతే.

ఇంకొకటి రెక్కల నీడ గోల, అది ఏడాదంతా ఉండదు. మాకైతే ఉగాదికి ముందూ వెనకా కొన్నాళ్ళు, మళ్ళీ వినాయక చవితి ప్రాంతంలో కొన్నాళ్ళు. పొద్దు పొడిచిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా రెక్కల వెనక్కి వస్తాడు. ఇల్లంతా వెలుగు, చీకటి, వెలుగు, చీకటి. ఇరవై నిమిషాల పైనే ఉంటుంది. పదో తరగతి పరీక్షలప్పుడు మా అమ్మాయి ఆ వేళకి పుస్తకం పట్టుకుని పక్కింటికి వెళ్ళేది. జర్మనీలో ఒక ఇంటి మీద ఇలాంటి నీడ ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు దాటకూడదని పరిమితి పాటిస్తారు. దాటితే మిషన్ దానంతటదే ఆగేలా చేస్తారు. మేం కిటికీకి దుప్పటి కట్టుకున్నాం.

ఇక డబ్బు. ఏడాది సగటున సామర్థ్యంలో నాలుగో వంతే తీస్తుందనుకున్నా, 2 మెగావాట్ల ఫ్యాన్ 43 లక్షల యూనిట్ల పైన ఇస్తుంది. అప్పటి ఒప్పందాల్లో యూనిట్ ధర దాదాపు 4 రూపాయల 80 పైసలు. అంటే ఒక్క ఫ్యాన్ మీద ఏడాదికి రెండు కోట్లు దాటిన రాబడి. ఒప్పందం పాతికేళ్ళది. భూమి అమ్మిన రైతుకు ఒక్కసారి డబ్బొచ్చింది, అప్పులు తీరాయి, అది మంచిదే, కాదనను. ఊళ్ళో కొందరు కుర్రాళ్ళకు సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలొచ్చాయి. గుట్ట పైకి వేసిన మట్టి రోడ్డు పైచేలకు బండ్లు తోలుకోవడానికి పనికొస్తోంది. అదే రోడ్డు కోసం తవ్విన మట్టి ప్రతి వానకీ కొట్టుకొచ్చి కింది చేలల్లో మేట వేస్తోంది. భూమి అమ్మనివాడికి, శబ్దం మాత్రం వినేవాడికి పైసా రాలేదు. మా వీధిలో అందరం ఆ లెక్కలోనే ఉన్నాం.

డెన్మార్క్‌లో 2009 నుంచి 2020 దాకా ఒక నియమం ఉండేది. కొత్త గాలిమర పెట్టేవాడు కనీసం 20 శాతం వాటాను దగ్గర్లో ఉండేవాళ్ళకు కొనుక్కునే హక్కు ఇవ్వాలి. అది కాక ఇంటి విలువ పడిపోతే పరిహారం ఇవ్వాలి. మిషన్ మొత్తం ఎత్తుకు నాలుగు రెట్ల దూరంలోపు ఇల్లు ఉండకూడదు. మా ఊళ్ళో ఆ వాటాలో పదో వంతు పంచినా ఫ్యాన్‌కు అడ్డం పడేవాడు ఉండేవాడు కాదని నా నమ్మకం.

మన దగ్గర వ్యతిరేకతను అభివృద్ధికి అడ్డమని తేలిగ్గా కొట్టేస్తారు. కల్పవల్లి సంగతి చూడండి. చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి వైపు బీడుపడ్డ గుట్టల్ని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 1990ల నుంచి కాపాడి, వేల ఎకరాల్లో పచ్చదనం తెచ్చారు. గడ్డి, ఈత చెట్లు, నీటి ఊటలు తిరిగొచ్చాయి. రికార్డుల్లో మాత్రం అది బంజరే. ఆ బంజరు పేరుతోనే అక్కడ ఫ్యాన్లు, వాటికి గుట్టలు చీల్చిన రోడ్లు వచ్చాయి. మేత పోయిందని, వాగులు పూడాయని జనం పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ పరిధిలో గాలి విద్యుత్తు లేదు కాబట్టి ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిన పని లేకుండా పోయింది. అడిగుంటే ఆ జనమే ఏ గుట్ట వదిలి ఏ గుట్ట ఎక్కాలో చూపించేవాళ్ళు.

2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇళ్ళకు 500 మీటర్ల దూరం పాటించమంటున్నాయి. ఆ దూరం దాటిన ఇంట్లో ఉండే నేను చెబుతున్నా, అది చాలదు. మా ఇంటి నుంచి చూస్తే దీనికి ఐదుకు రెండు మార్కులే ఇస్తా. ఊరికి పడమటి కొసన, ఫ్యాన్‌కు కిలోమీటరున్నర దూరంలో ఉండే మా చిన్నాయన ఇంటి నుంచైతే నాలుగు ఇస్తా. అదే మిషను, అదే గాలి. ఆయనకు ఫ్యాన్లంటే ఇష్టం కూడా, సాయంత్రం అరుగు మీద కూర్చుని మనవళ్ళకు చూపిస్తాడు.

కాబట్టి ఫోన్ చేసినవాళ్ళందరికీ నా మాట ఇది. వద్దనకండి, ఇప్పుడే సరే అని కూడా అనకండి. ఏ ఇంటికి ఏ ఫ్యాన్ ఎంత దూరమో గుర్తులు పెట్టిన మ్యాపు గ్రామసభలో చూపించమనండి. కిలోమీటరు లోపు ఉన్నవాటిని జరపమనండి. నీడ ఏ నెలలో ఏ వీధి మీద పడుతుందో ముందే లెక్క కట్టొచ్చు, ఆ కాగితం అడగండి. శబ్దం దాటితే రాత్రిళ్ళు నెమ్మదిగా నడుపుతామని, ఏటా పంచాయతీకి ఇంత కడతామని రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటలు మాకు బోలెడు ఇచ్చారు, అవి చెప్పిన మనుషులు బదిలీ మీద ఎప్పుడో వెళ్ళిపోయారు. సంతకాల ముందు మీ ఊరి నుంచి నలుగురు మా ఇంటికి రండి. ఏప్రిల్ మొదట్లో వస్తే మంచిది. ఒక రాత్రి మిద్దె మీద పడుకుని, తెల్లారాక ఆ నీడ కూడా చూసి వెళ్ళండి. భోజనం, పడక ఏర్పాట్లు మేం చూసుకుంటాం.