ఫైర్‌ఫాక్స్ సింక్: ఇంటికీ ఆఫీసుకీ మధ్య నా బ్రౌజర్

నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పని చేస్తాను. ఇల్లు కోవూరులో. పెన్నకి ఆ పక్కన ల్యాప్‌టాప్, ఈ పక్కన ఆఫీసు సిస్టమ్, జేబులో ఫోను. మూడింటినీ ఏళ్ల తరబడి ఫైర్‌ఫాక్స్ సింక్‌తోనే నడుపుతున్నా. ఒక సిస్టమ్‌లో సేవ్ చేసిన బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు, హిస్టరీ లాంటివి ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సర్వర్ ద్వారా మిగతావాటికీ చేర్చే ఏర్పాటది. పనితనానికి వంక పెట్టడానికేం లేదు. గోప్యత దగ్గరకొస్తే మాత్రం అందరూ సర్వర్ వైపు చూసి భయపడతారు. నా అనుభవంలో గుట్టు బయటపడేది అక్కడ కాదు, మన టేబుల్ మీద.

అయినా సర్వర్ సంగతి ముందు చెప్పేస్తా. "మన పాస్‌వర్డ్‌లన్నీ వాళ్ల దగ్గరికి పోతాయంట గదా" అని అడగని వాళ్లుండరు. పోతాయి, కాకపోతే తాళం వేసుకుని పోతాయి. డేటా మన సిస్టమ్‌లోనే ఎవరూ చదవలేని రూపంలోకి మారి, అంటే ఎన్‌క్రిప్ట్ అయి, బయల్దేరుతుంది. తాళంచెవి మన అకౌంట్ పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా మొజిల్లాకి చేరదు. అందుకే పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేస్తే, ముందే తీసిపెట్టుకునే రికవరీ కీ అనే కోడ్ లేనిపక్షంలో, సర్వర్‌లో ఉన్నదాన్ని వాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు. సిస్టమ్‌లో కాపీ మిగిలుంటే అదే మళ్లీ పైకెక్కుతుంది. ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ కాలిపోయాక రీసెట్ కొడితే ఇంక చేతికేమీ రాదు. నా రికవరీ కీ ప్రింటు తీసి ఇంటి దస్తావేజులున్న కవర్లో పెట్టుకున్నా.

క్రోమ్‌లోనూ ఇట్టాంటి కట్టుదిట్టం ఉంది. సింక్‌కి విడిగా పాస్‌ఫ్రేజ్ పెట్టుకుంటే గూగుల్ కూడా చదవలేదు. కానీ మనమే వెతుక్కుని వెళ్లి పెట్టుకోవాలి, పెట్టుకునేవాళ్లు నాకైతే కనపళ్లేదు. 2018లో క్రోమ్ 69 వచ్చినప్పుడు జీమెయిల్‌లోకి వెళ్తే చాలు, బ్రౌజరు కూడా దానంతటదే సైన్ ఇన్ అయిపోయేది. గోల జరిగాక తర్వాతి వెర్షన్‌లో ఆపుకునే స్విచ్ ఇచ్చారు. బ్రేవ్‌లో అసలు అకౌంటే అక్కర్లేదు, అది ఇచ్చే పదాల వరసని రెండో సిస్టమ్‌లో కొడితే రెండూ కలుస్తాయి. అట్టాగని సర్వర్ మీద భయం ఊరికే పుట్టింది కూడా కాదు. 2016 ఆగస్టులో ఒపేరా సింక్ సర్వర్లలోకి ఎవరో చొరబడితే, సింక్ వాడేవాళ్లందరి పాస్‌వర్డ్‌లూ రీసెట్ చేయాల్సొచ్చింది. తాళం ఎంత గట్టిదైనా మన మెయిలు, ఐపీ అడ్రసు, ఏ సిస్టమ్ ఎప్పుడు కలిసిందనే వివరం సింక్ నడిపేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది. నాకది పెద్ద అభ్యంతరం కాదు.

ఇప్పుడు టేబుల్ సంగతి. 20వ తారీఖు, జీఎస్టీ నెలవారీ రిటర్ను 3బీకి గడువు. ఒక రైస్‌మిల్లు ఓనరు ఎదురుగా కూర్చోనున్నాడు. ఆయనకి పన్ను క్రెడిట్ ఎంతుందో చూపిద్దామని మానిటర్ ఆయన వైపు తిప్పి, జీఎస్టీ పోర్టల్ లాగిన్‌లో యూజర్‌నేమ్ గడి మీద క్లిక్ చేశా. బారుగా లిస్టు జారింది. ఇంట్లో రాత్రిళ్లు కూర్చుని ఫైల్ చేసేటప్పుడు సేవ్ అయినవన్నీ సింక్‌లో ఆఫీసుకొచ్చి ఉన్నాయి. మనోళ్లు యూజర్‌నేమ్ అంటే వ్యాపారం పేరే పెడతారాయె. మేత డీలర్లు, హేచరీలు, ఆయనకి పోటీగా ఉండే ఇంకో మిల్లు, అన్నీ వరసగా.

"ఏంది సామీ, వాళ్ల లెక్కలు గూడా మీ దగ్గరేనా?" అన్నాడు, నవ్వుతానే.

పాస్‌వర్డ్ ఎవరూ చూళ్లేదు. ఎన్‌క్రిప్షన్ ఎక్కడా తెగలేదు. ఏ హ్యాకరూ రాలేదు. మా సార్ మొహం మాత్రం మాడిపోయింది. ఇది ఫైర్‌ఫాక్స్ తప్పేం కాదు, ఏ బ్రౌజరైనా సేవ్ చేసినవి చూపించడానికే ఉంది. క్లయింట్ల లాగిన్లన్నీ విడిగా ఒక పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి మార్చి, సింక్‌లో పాస్‌వర్డ్‌ల టిక్ తీసేశా. సేవ్ చేసిన లాగిన్లకి బ్రౌజర్లోనే వేసే తాళం, ప్రైమరీ పాస్‌వర్డ్, పెట్టుకుంటే చాలని కొందరంటారు. అది సింక్‌లో మిగతా సిస్టమ్‌లకి పోదు, ఏ సిస్టమ్‌కి ఆ సిస్టమ్‌లో విడిగా పెట్టాలి. పైగా ఒకసారి కొట్టాక ఆ బ్రౌజర్ మూసేదాకా లిస్టు జారుతూనే ఉంటుంది.

సింక్‌లో హిస్టరీ టిక్ కూడా తీసేశా. అది ఉంటే, ఇంట్లో హోమ్ లోన్ వడ్డీలు వెతికితే, మర్నాడు ఆఫీసులో అడ్రస్ బార్‌లో "హెచ్" కొట్టగానే అవే వస్తాయి. జూనియర్ కుర్రాడు "అన్నా, ఇల్లు కడతన్నావా?" అంటే ఏం చెప్పాలి?

మిగిలినవి బుక్‌మార్క్‌లు, తెరిచిన ట్యాబ్‌లు. నిజానికి నాకు కావాల్సింది ఇవే. రాత్రి ఫోన్లో చదివిన సర్క్యులర్ ట్యాబ్‌ని ఆఫీసు సిస్టమ్‌కి పంపేస్తే పొద్దున బ్రౌజర్ తెరవగానే ఎదురుగా ఉంటుంది. వాట్సాప్‌లో నాకు నేనే లింకులు పంపుకునే పని తప్పింది. లాగిన్ సెషన్‌లు మాత్రం రావు. క్యాప్చా, ఓటీపీ మళ్లీ కొట్టుకోవాల్సిందే, అదీ మంచిదే. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ ఎటూ బ్యాగులో మోసుకు తిరగాల్సిందే.

సింక్‌ని బ్యాకప్ అనుకునేవాళ్లకి ఒక మాట. ఒకచోట ఫోల్డర్ చెరిపితే మూడు చోట్లా పోతుంది. ఫైర్‌ఫాక్స్ సిస్టమ్‌లో బుక్‌మార్క్‌ల పాత కాపీలు తేదీలవారీగా దానంతటదే దాస్తుంది, బుక్‌మార్క్‌ల మేనేజర్‌లోకి వెళ్లి రిస్టోర్ చేసుకోవచ్చు. నేను నెలాఖర్లో ఒక కాపీ పెన్ డ్రైవ్‌లోకి కూడా తీసి పెట్టుకుంటా.

ఉద్యోగం మారేవాళ్లు, పాత సిస్టమ్ అమ్మేవాళ్లు ఉంటే, ఆ సిస్టమ్‌లోనే కూర్చుని సైన్ అవుట్ చేయండి. అప్పుడు ఈ సిస్టమ్‌లో డేటా చెరిపేయాలా అని ఒక గడి అడుగుతుంది, దానికి టిక్ పెట్టాలి. ఇంట్లో కూర్చుని అకౌంట్ పేజీ నుంచి ఆ డివైస్‌ని తీసేస్తే సింక్ తెగుతుందే గానీ, అప్పటిదాకా చేరిన బుక్‌మార్క్‌లూ పాస్‌వర్డ్‌లూ ఆ సిస్టమ్‌లో అట్టాగే ఉండిపోతాయి.