చెన్నై జనవరి: మెరీనాపై పరుగు, మైలాపూర్‌లో పాట

సాధారణంగా జనవరి మొదటి ఆదివారం చెన్నైలో మారథాన్. అప్పటికి డిసెంబరు కచేరీల సీజన్ చివరికొస్తుంది గానీ పూర్తిగా అయిపోదు. మ్యూజిక్ అకాడమీలో పాట ముగిసి, నాట్యోత్సవం మొదలవుతుంది. మైలాపూర్, టి.నగర్ సభల్లో, అంటే కచేరీలు పెట్టే సంగీత సంస్థల్లో, ఇంకా పాడుతూనే ఉంటారు. పరుగూ కావాలి, పాటా కావాలి అనుకునే నాలాంటివాళ్లకి ఇంతకన్నా మంచి వారాంతం ఇంకోటి లేదని నా నమ్మకం. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. ఫ్లైఓవర్లు ఎక్కి దిగేసరికి తొడలు పట్టేస్తాయి. వైజాగ్ బీచ్ రోడ్డు అందంలో చెన్నైని మించిందే, కాదనను. కానీ రేసు అయ్యాక సాయంత్రం ఎక్కడికెళ్లాలో చెన్నైలో వెతుక్కోనక్కర్లేదు.

నాది విజయవాడ, బ్యాంకు ఉద్యోగం. పొద్దున అయిదింటికి కృష్ణ ఒడ్డున మొదలుపెట్టి ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు వెళ్లి రావడం రోజూ ఉండే పని. ఆదివారాలు ఉండవల్లి గుహల దాకా. బ్యారేజీ పొడవు కిలోమీటరుంపావు కూడా ఉండదు కాబట్టి లాంగ్ రన్ అంటే దాని మీదే అటూ ఇటూ తిరగడం. గాలం వేసేవాళ్లు ఇప్పుడు నన్ను చూసి తల కూడా ఎత్తరు. నా వేగం గురించి చెప్పుకోడానికేమీ లేదు. మధ్యస్థం కన్నా కొంచెం కింద.

చెన్నైలో నన్ను లాగింది 20 మైళ్ల విభాగం, అంటే 32.186 కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ (21 కి.మీ.) చాలాసార్లు చేసేసి, ఫుల్ (42 కి.మీ.) అంటే ఇంకా గుండె దడగా ఉన్నవాళ్లకి అది సరిగ్గా సరిపోయే దూరం. మన దగ్గర పెద్దగా ఎవరూ ఎందుకు పెట్టరో తెలీదు.

ఈ ప్రయాణానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పరుగుకి ముందు కూర్చుని వినేవి, పరుగయ్యాక నడిచి చూసేవి. రేసు ముందురోజు మ్యూజియంలో రాతి నేల మీద మూడు గంటలు తిరిగితే పిక్కలు అక్కడే సగం అయిపోతాయి. కచేరీ అలా కాదు. రెండు గంటలు కదలకుండా కూర్చుని నీళ్లు తాగుతూ ఉండొచ్చు. అంతకన్నా మంచి విశ్రాంతి ఏముంది? మా వదినకి ఈ ఏర్పాటు బాగా నచ్చింది. ఆవిడకి పరుగంటే పడదు, సంగీతం కోసం వస్తుంది. "నీ పరుగు పుణ్యమా అని నాకు సీజన్ దొరికింది" అని ఇంట్లో అందరికీ చెబుతుంది.

విజయవాడ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. వందే భారత్ ఉంది గానీ అది మధ్యాహ్నం దాటాక బయల్దేరి రాత్రికి చేరుస్తుంది. రేసుకి వెళ్లేవాళ్లకి రాత్రిపూట కొత్త ఊళ్లో లాడ్జి వెతుక్కోవడం దండగ. సెంట్రల్ ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్లో ఎలివేటెడ్ రైలెక్కితే తిరుమయిలై, అంటే మైలాపూర్, ఇట్టే వచ్చేస్తుంది. టిక్కెట్టు చిల్లర డబ్బులే. స్టేషన్లు మాత్రం పెద్ద పెద్ద సిమెంటు గుహల్లా ఉంటాయి, ఎస్కలేటర్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక బస. దీని గురించే నన్ను అందరూ అడుగుతారు. మూడు చోట్లున్నాయి. మొదటిది ట్రిప్లికేన్. స్టార్ట్ పాయింటు నేపియర్ బ్రిడ్జికి అదే దగ్గర, అద్దె కూడా తక్కువ. క్రితంసారి అక్కడే దిగాను. రాత్రి పదకొండైనా వీధి నిద్రపోదు, తెల్లవారుజామున రెండింటికి లేవాల్సినవాళ్లకి అది కుదరదు. రెండోది బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు సర్వీస్ అపార్ట్‌మెంట్లు. శుభ్రంగా ఉంటాయి, వంటగది ఉంటుంది, సముద్రపు గాలి. కానీ సభలన్నీ దూరమైపోతాయి, రేసు పొద్దున స్టార్ట్ దగ్గరికి ఊరంతా దాటి రావాలి. మూడోది మైలాపూర్, నా ఓటు దానికే. సభలు నడిచే దూరంలో, లేదంటే ఆటోకి పది నిమిషాల్లో. కపాలీశ్వర కోవెల చుట్టూ మాడ వీధుల్లో తిండికి లోటు లేదు. స్టార్ట్ కూడా అయిదారు కిలోమీటర్ల లోపే. మెట్రో పనుల కోసం లజ్ కూడలి చుట్టుపక్కల రోడ్లు తవ్వేశారు కాబట్టి దారి మళ్లింపులు మాత్రం తప్పవు.

మేం దిగిన లాడ్జి పేరు చెప్పను. గది శుభ్రం, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, ఫ్యాను చప్పుడు లేదు. గొడవల్లా గేటుతో. రాత్రి పదకొండుకి షట్టర్ దించేసి పొద్దున అయిదుకి తీస్తారట. రేసు కోసం రెండున్నరకి బయటికెళ్లాలి అంటే కౌంటర్లో కుర్రాడు మేనేజరుని అడగమన్నాడు, మేనేజరు వాచ్‌మన్‌ని అడగమన్నాడు. చివరికి వదిన తన అరకొర తమిళంలో వాచ్‌మన్ అన్నతో మాట్లాడి ఒప్పించింది. వేడినీళ్లు కూడా అయిదు తర్వాతే. గది తీసుకునేటప్పుడే ఈ రెండూ అడిగి తెలుసుకోండి. ఏసీ ఉందా, వైఫై ఉందా అన్నవి తర్వాత సంగతి.

శుక్రవారం, శనివారం మధ్యాహ్నాలు కచేరీలకే. చాలా సభల్లో మధ్యాహ్నపు కచేరీలకి టిక్కెట్టుండదు. వర్ధమాన గాయకులు పాడతారు. పేరున్నవాళ్ల సాయంత్రం కచేరీకి వందలు పోసి కొన్న సీటు కన్నా ఇవే నాకు ఎక్కువ నచ్చాయి. మేం వెళ్లిన హాల్లో నలభై మంది కూడా లేరు. పాడే అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. ఖరహరప్రియ ఆలాపన మొదలుపెట్టగానే నా పక్కనున్న పెద్దాయన నా కుర్చీ చేతి మీద వేళ్లు ఆడించడం మొదలుపెట్టారు, అది నా కుర్చీ అని ఆయనకి తెలీదు. త్యాగరాజ కీర్తనకి వచ్చేసరికి వదిన నొసలు ముడిపడింది. "రాగం బంగారం. సాహిత్యం మాత్రం నమిలేస్తోంది." నిజమే, చరణంలో మన మాటలు మనకే తెలియకుండా పోయాయి. స్వరాలు వేసేటప్పుడు మృదంగం కుర్రాడికీ ఆమెకీ నడిచిన పోటీకి మాత్రం పెద్దాయన "భేష్" అని నా కుర్చీని గట్టిగా ఒక్కటి వేశారు.

హాళ్ల గురించి రెండు మాటలు. ఏసీ అవసరానికి మించి చల్లగా ఉంటుంది. శాలువా లేకపోతే కాళ్లు బిగుసుకుపోతాయి. మైకులు కొన్నిచోట్ల వయొలిన్‌ని మింగేస్తాయి. ముందు వరసల కన్నా మధ్యలో కూర్చోవడం మేలు. సభ క్యాంటీన్ల మీద ఆశ పెట్టుకుని వస్తే జనవరి 1 దాటాక చాలావాటికి తాళాలే. ఆ తిండి కావాలంటే డిసెంబరు చివరి వారంలో రావాలి. మాకు కర్పగాంబాళ్ మెస్ దిక్కయింది. రేసు ముందురోజు నేను ఇడ్లీ, పెరుగన్నంతో సరిపెట్టుకుంటే వదిన ఎదురుగా కూర్చుని కీరై వడ (ఆకుకూర వడ), బాదం హల్వా, కాఫీ వరసపెట్టి కానిచ్చింది. అప్పుడు ఆవిడ మీద ప్రేమ కొంచెం తగ్గిన మాట వాస్తవం.

శనివారం మధ్యాహ్నానికే బిబ్, అంటే ఛాతీకి పెట్టుకునే రేసు నంబరు, తెచ్చేసుకున్నాను. రేసు పొద్దున ఇవ్వరు కాబట్టి అవి పంచే ఎక్స్‌పోకి ఒక పూట కేటాయించాల్సిందే. వరస చకచకా కదిలింది. స్టాళ్లలో ఎనర్జీ జెల్స్, సాక్స్ ధరలు బయటికన్నా ఏమీ తక్కువ కాదు.

తెల్లవారుజామున క్యాబ్ యాప్ నమ్ముకోలేదు. ముందురోజు సాయంత్రం స్టాండులో ఆటో మాట్లాడుకుని ఫోన్ నంబరు తీసుకున్నాను. ఆయన అయిదు నిమిషాల ముందే వచ్చి నిలబడ్డాడు. కొన్నేళ్లుగా రేసు రోజు మెట్రో కూడా తెల్లవారకముందే నడుపుతున్నారు. గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్లో దిగి నడవొచ్చు. మైలాపూర్ నుంచి మెట్రో ఇంకా లేదు కాబట్టి నాకది పనికిరాలేదు.

నేపియర్ బ్రిడ్జి 1869 నాటిది. చెస్ ఒలింపియాడ్ జరిగిన 2022లో దానికి నలుపు తెలుపు గళ్ల రంగు వేశారు. చీకట్లో ఫ్లడ్‌లైట్ల కింద చూడముచ్చటగానే ఉంటుంది, కింద కూవం నది వాసన మాత్రం ఏ రంగుకీ లొంగదు. నాలుగింటికి స్టార్ట్. కామరాజర్ సాలై మీదికి రాగానే ఎడమ పక్కన శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శ్రమ విజయ విగ్రహం. 1959 నుంచి అక్కడే ఉంది. నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తుంటారు. మామూలు రోజుల్లో బస్సులోంచి చూస్తే గుంపుగా కనిపిస్తుంది. పక్కనుంచి పరిగెడితే ఒక్కొక్కరి వీపు విడివిడిగా కనిపిస్తుంది, పిక్క కండరం ఎక్కడ బిగిసిందో తెలుస్తుంది. తర్వాత విశ్వవిద్యాలయం, లైట్‌హౌస్, శాంతోమ్ చర్చి. మొదటి గంట అలా తెలియకుండా గడిచిపోతుంది.

దారి దాదాపు చదును. ఎక్కడం దిగడం అంటే వంతెనలే. చెన్నైలో శత్రువు ఎత్తు కాదు, ఉక్క. జనవరిలో కూడా చెమట ఆరదు. విజయవాడలో ఆ నెలలో అయిదింటికి చల్లగా, కొంచెం పొడిగా ఉంటుంది. ఇక్కడ మూడో కిలోమీటరుకే టీషర్టు పిండుకోవచ్చు. అందుకే ప్రతి హైడ్రేషన్ పాయింట్ దగ్గరా ఆగాలి, దాహం వేసేదాకా చూడొద్దు. నీళ్లు, ఎలక్ట్రోలైట్ ఎక్కడా తక్కువ కాలేదు. అడయార్ దాటాక, ఎండ వచ్చాక, ఐటీ కంపెనీల రోడ్డు వైపు విసుగొస్తుంది. అద్దాల భవనాలు, నీడలేని డివైడరు, పక్క లేన్‌లో హారన్లు. అక్కడ నన్ను నడిపించింది వాలంటీరు పిల్లలే. ఒకడు తప్పెట వాయిస్తుంటే పోలీసాయన కూడా కాలు కదిపాడు. ముగింపు ఊరికి దక్షిణాన. దారి ఏటా కొద్దిగా మారుస్తుంటారు కాబట్టి పేరిచ్చేముందు మ్యాపు చూసుకోండి. మెడల్ తర్వాత చేతికిచ్చిన పొంగల్ వేడిగా ఉంది, నెయ్యి తగిలింది. బ్యాగుల కౌంటర్ దగ్గర మాత్రం చాలాసేపు ఎండలో నిలబెట్టారు. అలిసినవాళ్లని అలా నిలబెట్టడం ఏ రేసుకైనా తప్పే.

ఆ సాయంత్రం అకాడమీలో నాట్యం. మాకు బాల్కనీ దొరికింది. ఎక్కడం ఎలాగో ఎక్కాను, దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని పీతలా పక్కకి దిగుతుంటే వెనకున్న మామిగారు, "మోకాళ్ల నొప్పులా అమ్మా, ఈ వయసుకే?" అని జాలిపడ్డారు. వదిన నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది. నాట్యం సంగతికొస్తే, అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచిన భంగిమలో, అంతసేపు కూర్చునే ఆ తొడల బలం మీదే నా కళ్లున్నాయి. అభినయం ఎలా ఉందో వదినని అడగండి. కూచిపూడి మా ఊరికి గంటన్నర దూరం, అయినా కూచిపూడి నాట్యం చూడాలంటే చెన్నై టిక్కెట్టు కొనుక్కుంటున్నాం.

సోమవారం ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. మంగళవారం సెలవు కాబట్టి సోమవారమే వెళ్లాలి. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లని తెచ్చి నిలబెట్టారు. మన వైపునుంచి కొయ్యలగూడెం ఇకత్ నేతగాడి ఇల్లు, విశాఖ వైపు హరిపురం నుంచి చుట్టిల్లు. ఆ చుట్టిల్లు గుమ్మంలోకి వంగి దూరడానికి నా తొడలు ఒప్పుకోలేదు, బయటినుంచే చూసొచ్చాను. నేల మట్టి, గులక. బిగుసుకున్న కాళ్లకి మెల్లగా నడవడానికి హాయి. క్యాంటీన్ ఖరీదు, రుచి మామూలు.

మంగళవారం ఎగ్మోర్ మ్యూజియం. అక్కడినుంచి సెంట్రల్ దగ్గరే కాబట్టి సామాను తీసుకునే వెళ్లాం. శుక్రవారం మూసేస్తారు. కంచు నటరాజుల దగ్గర జనం ఉంటారు, అమరావతి గదిలో ఉండరు. మా ఊరినుంచి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరాన ఉన్న అమరావతి శిల్పాలు చూడటానికి ఇంత దూరం రావడం ఏమిటని వదిన గొణిగింది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి తరలించినవి చాలావరకు లండన్ వెళ్లిపోయాయి. ఇక్కడున్నవి ఎక్కువగా ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికినవి. నలగిరి ఏనుగు చెక్కిన గుండ్రటి ఫలకం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఒకే రాయిలో ఏనుగు రెండుసార్లు. ఎడమవైపు మదించి మనిషిని తొక్కుతోంది, కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మధ్యలో పారిపోతున్నవాళ్లు, మేడమీద కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్లు. గదిలో దీపాలు చాలవు, వివరాల పలకలు పాతవి, కొన్ని చదవడానికే రావు. ఫోన్ టార్చి వేయబోతే కాపలా ఆయన వద్దన్నాడు, అది సబబే.

వచ్చే ఏడాది గది మైలాపూర్‌లోనే, మరో లాడ్జిలో. వదిన డిసెంబరు చివర్లోనే వచ్చేస్తానంటోంది, క్యాంటీన్లు మూసేలోపు. నేను రేసుకి రెండ్రోజుల ముందు వెళ్లి కలుస్తాను.