ఎక్కడికి వెళ్లి చూడాలో చెప్పే చిత్రాలు: సెంటినెల్ ఉపగ్రహ సేవపై సమీక్ష

మా బృందం పని ఒక నీటిపారుదల ప్రాంతానికి అభివృద్ధి ప్రణాళికలు తయారుచేయడం. ఏ కాలువకు ముందుగా మరమ్మతు చేయించాలి, కొత్త గోదాము ఎటువైపు కడితే ఎక్కువ మందికి అందుబాటులో ఉంటుంది, వరద వచ్చినప్పుడు సాయం మొదట ఏ దిక్కుకు పంపాలి అన్న ప్రశ్నలకు మేము కాగితం మీద జవాబు చెప్పాలి. ఇందుకోసం కొన్నేళ్లుగా యూరోపియన్ యూనియన్ వారి కోపర్నికస్ కార్యక్రమం ఉచితంగా అందించే సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలను వాడుతున్నాం. వాటితో మా పని ఎంతవరకు సాగింది, ఎక్కడ బోల్తా పడ్డాం అన్నదే ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎక్కడికి వెళ్లి చూడాలో చెప్పడంలో ఈ సేవకు సాటి లేదు గానీ, అక్కడ ఏం జరిగిందో తేల్చడానికి దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

సెంటినెల్-2 తరగతిలో మొదటి ఉపగ్రహాన్ని 2015 జూన్‌లో, రెండో దాన్ని 2017 మార్చిలో ప్రయోగించారు. ఇవి 786 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 290 కిలోమీటర్ల వెడల్పు నేలను 13 బ్యాండ్లలో, అంటే కాంతిని విడదీసిన 13 పట్టీల్లో వేర్వేరుగా చిత్రీకరిస్తాయి. రెండూ కలిసి పనిచేస్తే భూమధ్యరేఖ మీది ప్రాంతాన్ని సైతం ఐదు రోజులకోసారి చూడగలవు. అదీ ప్రతిసారీ స్థానిక వేళ ప్రకారం దాదాపు ఉదయం పదిన్నరకే. ఈ వేళ మారకపోవడం చిన్న విషయంగా అనిపించవచ్చు. కానీ ఒకే నెల చిత్రాలను ఏడాదికీ ఏడాదికీ మధ్య పోల్చేటప్పుడు నీడల తేడా అడ్డు రాదు. ఇంకా వెనక్కి వెళ్లాలనుకునేవారికి 1972లో మొదలై, 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్న అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు ఉండనే ఉన్నాయి.

చిత్రాలు చూడటానికి 2023లో మొదలైన కోపర్నికస్ డేటా స్పేస్ వేదికలోని బ్రౌజర్ సరిపోతుంది. పటం మీద మన ప్రాంతం చుట్టూ గీత గీసి తేదీ ఎంచుకుంటే, సహజ రంగుల చిత్రంతో పాటు పచ్చదనం, తేమ వంటి సూచికలు కూడా అప్పటికప్పుడు తెర మీదికి వస్తాయి. కొత్తగా వాడేవారు ఇక్కడ తరచూ చేసే పొరపాటు ఒకటుంది. మబ్బుల శాతం తక్కువగా ఉన్న చిత్రాలనే చూపించమని అడుగుతారు. చిత్రాలను పలకలుగా కోసి ఇస్తారు; ఆ శాతం దాదాపు 110 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల పలక మొత్తానికీ వేసిన లెక్క. 80 శాతం మబ్బు పట్టిన పలకలో మన ఆయకట్టు ఉన్న మూల తేటగా ఉండవచ్చు. 5 శాతమే ఉన్న చోట ఆ ఐదూ సరిగ్గా మన చెరువు మీదే కూర్చుని ఉండవచ్చు. అందుకే మేము ఆ వడపోతను తీసేసి తేదీలన్నీ ఒక్కొక్కటిగా తిరగేస్తాం. విసుగు పుట్టించే పనే గానీ, పారేయబోయిన చిత్రాల్లో పనికొచ్చేవి ఎన్నో దొరికాయి.

కాలువ మరమ్మతుల విషయంలో ఈ సేవ విలువ మాకు బాగా తెలిసివచ్చింది. ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. ఆకు కణజాలం కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఎన్‌డీవీఐ అంటారు. అది 1కి దగ్గరయ్యేకొద్దీ పచ్చదనం దట్టంగా ఉన్నట్టు లెక్క. ఒక పంట కాలువకు నీరు వదిలిన నాటి నుంచి దొరికిన చిత్రాలన్నిటినీ వరుసగా పేర్చి చూస్తే, తలభాగం భూములు పచ్చబడిన మూడు వారాలకు గానీ చివరి భూములు పచ్చబడలేదు. పక్క కాలువలో ఆ తేడా వారం దాటలేదు. తర్వాతి రెండు సీజన్లలోనూ అదే వరస. కాగితాల్లో చూస్తే రెండు కాలువలకూ ఇంచుమించు ఒకే ఆయకట్టు, ఒకే నీటి కేటాయింపు. చివరి భూముల రైతులు ఏటా మొరపెట్టుకుంటున్నదీ ఇదే. కాకపోతే ఇప్పుడు వారి మాటకు తేదీలతో సహా ఆధారం దొరికింది. నడుచుకుంటూ వెళ్లి చూస్తే, మధ్యలో ఒక తూము షట్టరు తుప్పుపట్టి సగంలో బిగుసుకుపోయింది, నీరు పక్క వాగులోకి పోతోంది. ఉపగ్రహానికి ఆ షట్టరు కనబడే ఆస్కారమే లేదు. అయితే ఇరవై కిలోమీటర్ల కాలువలో ఏ రెండు కిలోమీటర్లు నడవాలో చెప్పింది మాత్రం అదే.

అదే సూచికను నమ్మి భంగపడ్డ సంగతి కూడా రాయాలి. ఒక చెరువు నాలుగేళ్లలో సగానికి సగం కుంచించుకుపోయి, ఆ మేరకు పచ్చదనం పెరిగినట్టు చిత్రాలు చూపించాయి. చెరువు శిఖాన్ని ఆక్రమించి ఎవరో సాగు చేస్తున్నారని మేము ముసాయిదా నివేదికలో రాసేశాం. అది పైకి వెళ్లేలోపే ఒక సహోద్యోగి కట్ట మీదికి వెళ్లి ఫోటో తీసి పంపారు. నీటి మీద ఒత్తుగా పరుచుకున్న గుర్రపుడెక్క, మధ్యమధ్య లేత ఊదా రంగు పూలు, ఒక పక్కన ఇరుక్కుపోయిన పడవ. చెరువు ఎక్కడికీ పోలేదు, దాన్ని కలుపు కప్పేసిందంతే. ఆకు పైరుదైనా కలుపుదైనా ఎన్‌డీవీఐకి ఒకటే. ఆక్రమణల తొలగింపుకూ కలుపు తొలగింపుకూ ఖర్చు వేరు, శాఖ వేరు, ఊళ్లో రేగే గొడవ అంతకన్నా వేరు.

ఇక స్పష్టత సంగతి. సెంటినెల్-2లో మిగతావాటికన్నా స్పష్టమైన నాలుగు బ్యాండ్లలో ఒక పిక్సెల్ అంటే పది మీటర్ల చదరం, అంటే వంద చదరపు మీటర్ల నేల. ఎకరానికి నలభై పిక్సెళ్లు పడతాయి. వినడానికి చాలనిపిస్తుంది. కానీ 20 మీటర్ల వెడల్పున్న పొలానికి అడ్డంగా పట్టేవి రెండే. అవైనా పొలం హద్దులకు సరిగ్గా పొసగవు కాబట్టి గట్టును, పక్క పొలాన్ని కూడా తమలో కలుపుకొని ఉంటాయి. అందువల్ల వేల ఎకరాల సాగు విస్తీర్ణాన్ని అంచనా వేయడానికి ఈ చిత్రాలు నమ్మదగినవి. ఒక్క రైతుకు రావలసిన పరిహారాన్ని వీటితో తేల్చబోతే అన్యాయమే జరుగుతుంది. బండిబాట, రేకుల షెడ్డు, సంతలో తోపుడు బళ్ల వరుస, ఇవేవీ వీటిలో విడిగా కనిపించవు. చిన్న ఊళ్లలో డబ్బు చేతులు మారేది ఎక్కువగా ఇలాంటి చోట్లే కదా!

వానాకాలంలో సెంటినెల్-2 వారాల తరబడి మబ్బుల పైభాగాన్నే చూపిస్తుంది. అప్పుడు ఆదుకునేది సెంటినెల్-1. ఇది రాడార్, తానే మైక్రోవేవ్ తరంగాలను పంపి, తిరిగి వచ్చినవాటిని నమోదు చేస్తుంది కనుక మబ్బూ చీకటీ దీనికి అడ్డు కావు. నిశ్చలంగా ఉన్న నీరు ఆ తరంగాలను అద్దంలా అవతలికి తోసేస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. నీరు పెట్టిన వరి మడి నల్లగా మొదలై పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది కనుక, నాట్లు ఎప్పుడు పడ్డాయో కూడా దీని నుంచి రాబట్టవచ్చు. ముంపు పటాలకు మేము దీన్నే ఎక్కువగా వాడాం. లోపాలు లేవని కాదు. గాలికి అలలు రేగితే నీరు నల్లగా కనిపించదు. ఇళ్ల మధ్య నిలిచిన నీటిని గోడల నుంచి తిరిగివచ్చే బలమైన ప్రతిధ్వని కప్పేస్తుంది. సాయం ముందుగా చేరవలసిన చోటే పటం తెల్లబోతుందన్న మాట. పైగా 2021 డిసెంబరులో ఈ జంటలో ఒక ఉపగ్రహం విద్యుత్ వ్యవస్థలో లోపం వచ్చి మూగబోయింది. 2024 డిసెంబరులో కొత్త ఉపగ్రహాన్ని ప్రయోగించేదాకా ఒక్కదానితోనే నెట్టుకురావలసివచ్చింది. ఒక్కటే ఉంటే అదే కోణం నుంచి మళ్లీ చూడటానికి 12 రోజులు పడుతుంది; అంతలో వరద వచ్చి పోవడం కూడా అయిపోతుంది.

పాత చిత్రాలను దించుకుని సొంతంగా లెక్కలు కట్టేవారికి ఒక హెచ్చరిక. 2022 జనవరి 25 నుంచి చిత్రాల తయారీ పద్ధతి మారింది. బాగా చీకటిగా ఉన్న చోట్ల విలువలు సున్నా కిందికి పోయినా సమాచారం నష్టపోకుండా, ప్రతి బ్యాండ్ విలువకూ 1000 కలుపుతున్నారు. వాడేటప్పుడు దాన్ని మనమే తీసేయాలి. ఈ మార్పును వారు ప్రకటించే చేశారు; చదవకపోవడం మా తప్పు. సమీప పరారుణంలో 4000, ఎరుపులో 500 ఉన్న పొలానికి ఎన్‌డీవీఐ 0.78 వస్తుంది. రెండింటికీ వెయ్యి చేరితే అదే పొలానికి 0.54 వస్తుంది. ఆ ఏడాది నుంచి ప్రాంతమంతటా పైర్లు చిక్కిపోయినట్టు మేము గీసిన గ్రాఫును చూసి, కారణం ఏమై ఉంటుందా అని నేల సారం మీద కూడా కొన్నాళ్లు చర్చించాం! బ్రౌజర్‌లోనే చూసేవారికి ఈ బెడద లేదు.

రాత్రి దీపాల చిత్రాలతో ఆర్థిక కార్యకలాపాలను అంచనా వేయవచ్చని చాలామంది అంటారు. అవి సెంటినెల్ సేవలో భాగం కావు, 2011లో ప్రయోగించిన సుయోమీ ఎన్‌పీపీ అనే అమెరికా ఉపగ్రహంలోని పరికరం తీస్తున్నవి. మేమూ ప్రయత్నించాం. ఆ ఉపగ్రహం పైనుంచి వెళ్లేది అర్ధరాత్రి దాటాక సుమారు ఒంటిగంటన్నరకు. అప్పటికి దుకాణాలు మూసి ఉంటాయి. పైగా తెల్లటి ఎల్ఈడీ దీపాల్లోని నీలి కాంతి ఆ పరికరం కంటికి ఆనదు కాబట్టి, పాత సోడియం దీపాలు తీసేసి కొత్తవి పెట్టిన ఊరు కళ తప్పినట్టు కనిపించే ప్రమాదం ఉంది. పెద్ద ప్రాంతాలను పోల్చడానికి సరే. ఊరి స్థాయిలో నేను దీన్ని సిఫారసు చేయను.

ఇవే ఉచిత చిత్రాలకు రంగులద్ది, నెలవారీ చందా వసూలు చేసే సంస్థలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక సంస్థ సేవను మేము ఏడాది పాటు తీసుకున్నాం. ఆకుపచ్చ అంటే ఆరోగ్యం, ఎరుపు అంటే ప్రమాదం అన్న పటం ప్రతి సోమవారం వచ్చేది. దాని మీద చిత్రం తీసిన తేదీ ఉండేది కాదు. అడగగా అడగగా తెలిసిందేమిటంటే, మబ్బు పట్టిన వారాల్లో పాత చిత్రాన్నే మళ్లీ పంపేవారు. చందా తీసుకోవడమే తప్పని నేను అనను. చిత్రాలను పోగుచేసి, సరిచేసి, సమయానికి అందించడం నిజంగానే శ్రమతో కూడిన పని. అయితే తేదీ, మబ్బు పట్టిన భాగం, ఏ ఉపగ్రహం తీసింది అన్న మూడు వివరాలు లేని పటానికి డబ్బు చెల్లించవద్దు.

సాగు విస్తీర్ణం, నీటి వనరులు, ముంపు, పట్టణాల విస్తరణ వంటి అంశాల మీద పనిచేసేవారందరికీ సెంటినెల్ సేవను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. ఆదాయాలు, ధరలు, ఉపాధి గురించి ఇది చెప్పదు. చిత్రాలకు పైసా ఖర్చు కాలేదు గానీ, వాటిని చదవడం నేర్చుకోవడానికి మా ఇద్దరు ఉద్యోగులకు ఒక సీజన్ పట్టింది. అడపాదడపా పొలాల మీదికి వెళ్లిరావడానికి బండి, ఇంధనం, మనుషులు కావలసివచ్చారు. బడ్జెట్ వేసుకునేవారు చిత్రాల పద్దులో సున్నా వేసి, నేర్చుకోవడానికీ పొలాలకు వెళ్లిరావడానికీ అయ్యే ఖర్చును గట్టిగా అడగాలి.

ప్రస్తుతం మా ప్రతి పటం అడుగున రెండు గడులు అదనంగా అచ్చు వేస్తున్నాం. ఒకదానిలో చిత్రం తీసిన తేదీ ఉంటుంది. రెండో గడిలో అక్కడికి వెళ్లి చూసిన లస్కరు (కాలువ నీటిని చూసుకునే సిబ్బంది) గానీ, మా ఉద్యోగి గానీ సంతకం చేస్తారు. ఆ గడి ఖాళీగా ఉన్న పటాన్ని ప్రస్తుతానికి మా సమావేశం బల్ల మీదికి రానివ్వడం లేదు.