మాగ్నెటిక్ సైకిల్ మౌనం, ఎడమ పెడల్ గొడవ

ఇంట్లో వ్యాయామానికి సైకిల్ కొందామనుకునేవాళ్లు నన్ను అడిగితే, తెర ఎంత పెద్దది, చక్రం బరువెంత అన్న సంగతులు తరువాత చూడవచ్చు, ముందు దాని చప్పుడు వినండి అంటాను. నేను మాగ్నెటిక్ రకం తీసుకుని ఏళ్లు గడిచాయి. దాని మీద నాకున్న ఇష్టమంతా ఇప్పటికీ ఆ ఒక్క గుణం మీదే నిలబడి ఉంది. తెల్లవారక ముందే లేచే అలవాటు నాది. పక్క గదిలో నిద్రపోతున్నవాళ్లకు తెలియకుండా ముప్పావు గంట తొక్కి దిగవచ్చు. వ్యాయామం ఎగ్గొట్టడానికి మనిషి వెతుక్కునే సాకుల్లో ‘ఇంట్లోవాళ్ల నిద్ర చెడుతుంది’ అన్నది అన్నిటికంటే మర్యాదైనది. ఆ సాకును నా దగ్గర లేకుండా చేసింది ఈ సైకిలే.

అంతకుముందు బంధువుల ఇంట్లో పాత రకం తొక్కేవాణ్ణి. అందులో ఒక ఉన్ని మెత్త చక్రం అంచును ఒరుసుకుంటూ బిగువు ఇస్తుంది. కొత్తలో బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు మెత్త ఎండిపోయి కీచుమంటుంది. రెండు చుక్కలు నూనె వేస్తే ఊరుకుంటుంది, మళ్లీ మొదలుపెడుతుంది. కింద నేల మీద నల్లటి పొడి రాలుతూ ఉంటుంది. గాలి రెక్కల రకం కూడా చూశాను. ఎంత వేగంగా తొక్కితే అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది, ఒళ్లు వంచడానికి దాన్ని మించింది లేదు, కాని తొక్కుతున్నంతసేపూ గదిలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మాగ్నెటిక్ దానిలో చక్రాన్ని ఏదీ తాకదు. బిగువు మార్చే నాబ్ తిప్పినకొద్దీ అయస్కాంతాలు తిరిగే లోహపు చక్రానికి దగ్గరవుతాయి, చక్రంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి, అవే దాన్ని వెనక్కి లాగుతాయి. రాపిడి లేదు కనుక ఆ చోట అరుగుదల లేదు, పొడి లేదు, అరుపూ లేదు.

ఇంత మౌనంగా ఉండే యంత్రం కాబట్టే, కొన్న కొద్ది నెలలకు మొదలైన చిన్న చప్పుడు నన్ను అంతగా వేధించింది. టిక్. మళ్లీ పెడల్ ఒక చుట్టు తిరిగి వచ్చాక, టిక్. పాత సైకిల్ అయితే ఆ కీచుల్లో ఇది కలిసిపోయేది, నేను గమనించేవాణ్ణే కాదేమో.

ఇలాంటి చప్పుడు పుట్టిన చోటు పట్టుకోవడం అనుకున్నంత తేలిక కాదు. చట్రమంతా బోలు ఇనుప గొట్టాలు. ఒక మూల పుట్టిన శబ్దం గొట్టాల వెంబడి పోయి ఇంకో మూల వినిపిస్తుంది. నా చెవులకు అది ముందు చక్రం దగ్గరి నుంచే వస్తున్నట్టు ఉండేది. కాని లెక్క కుదరలేదు. పెడల్ ఒక చుట్టు తిరిగేలోపు ఆ చక్రం చాలా చుట్లు తిరుగుతుంది. లోపం దానిదైతే టిక్కులు గబగబా రావాలి. పెడళ్ల నుంచి ఆ చక్రాన్ని తిప్పే బెల్టుదైతే, బెల్టు పొడవు పెడళ్ల దగ్గరుండే పెద్ద పుల్లీ (బెల్టు చుట్టుకునే చక్రం) చుట్టుకొలత కన్నా ఎక్కువ కనుక, ఇంకా అరుదుగా రావాలి. ఇదేమో చుట్టుకు కచ్చితంగా ఒక్కసారి, అదీ ఎడమ కాలు కిందికి దిగుతూ బలం పడే చోట.

సీటు మీద నుంచి లేచి తొక్కాను. ఆగలేదు. సీటు గొట్టం తప్పు కాదన్నమాట. హ్యాండిల్ వదిలేసి తొక్కాను, బూట్లు మార్చి తొక్కాను, బూట్లు లేకుండా తొక్కాను. లేసు కొస పెడల్‌కు తగిలినా ఇలాంటి శబ్దమే వస్తుంది, అందుకని లేసులు లోపలికి దోపి చూశాను. చివరికి ఎడమ కాలు తీసి పక్కన పెట్టి కుడి కాలితో మాత్రమే తొక్కితే సైకిల్ మళ్లీ మూగబోయింది. ఎడమ కాలు పెట్టగానే టిక్.

కంపెనీకి ఫోను చేసి ఈ వివరమంతా చెప్పాను. వాళ్లు పంపిన అబ్బాయి అందులో ఒక్క ముక్క కూడా చెవిన వేసుకోకుండా వచ్చాడు. నేరుగా ముందు చక్రం మీది తొడుగు విప్పి, ఏదో పిచికారీ కొట్టి, పోతూ పోతూ పెడళ్లు రెండూ ఒకసారి బిగించి, “కొత్తలో ఇలాగే ఉంటుందండి, వాడేకొద్దీ సర్దుకుంటుంది” అన్నాడు. ఒకటి రెండు రోజులు నిజంగానే తగ్గింది. అది పిచికారీ మహిమ అనుకోను, పోతూ బిగించినందువల్లే. తరువాత టిక్ తిరిగి వచ్చింది, ఈసారి దానితోపాటు కాలి కింద ఒక సన్నటి కదలిక కూడా. పెడల్ ఏదో వెంట్రుకవాసి పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంటున్నట్టు.

అప్పుడు మామూలు సైకిళ్లు బాగుచేసే ఒక పెద్దాయనను ఇంటికి పిలుచుకొచ్చాను. వ్యాయామ సైకిల్ ఆయన ఎప్పుడూ విప్పలేదట. “తొక్కేది తొక్కుడే కదా బాబూ, కూర్చుని మెల్లగా తిప్పండి” అన్నారు. నేల మీద చతికిలబడి, పెడల్‌ను మోసే ఎడమ కడ్డీ (క్రాంకు) చివర, పెడల్ లోపలికి దిగే చోట బొటనవేలు ఆనించి ఉంచారు. నాలుగైదు చుట్లు తిరిగాయో లేదో “ఇక్కడే” అన్నారు. నేను వారాల తరబడి చెవితో వెతికినదాన్ని ఆయన వేలితో పట్టుకున్నారు.

15 మిల్లీమీటర్ల పానాతో పెడల్ విప్పారు. అంత బలంగా బిగించిన పెడల్ అంత సులువుగా రాకూడదు. వచ్చింది. పెడల్ ఇరుసు కొసన గ్రీజు మామూలుగా ఉండే రంగులో లేదు, వెండి పూత కలిపినట్టు బూడిద రంగులో మెరుస్తోంది. వేలి మధ్య రుద్దితే సన్నటి ఇనుప రజను. ఇరుసు మర చెక్కుచెదరలేదు, అది గట్టి ఉక్కు. దెబ్బతిన్నది క్రాంకు రంధ్రంలోని మర. మొదటి రెండు మూడు చుట్లు ఒక పక్కకు వాలి, నలిగిపోయి ఉన్నాయి. “వంకరగా ఎక్కించి పానాతో బలవంతాన తిప్పారు. మెత్తటి లోహం ఎంతకాలం ఓరుస్తుంది?” అన్నారాయన.

అసలు కథ ఇది. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. కుడి పెడల్ అన్ని మరల్లాగే గడియారం ముల్లు తిరిగే వైపుకు బిగుసుకుంటే, ఎడమది దానికి ఎదురుదిక్కున బిగుసుకుంటుంది. తొక్కేటప్పుడు మన బరువు ఇరుసు చుట్టూ తిరుగుతూ పడుతుంది, ఆ ఒత్తిడికి ఇరుసు రంధ్రంలో కొద్దికొద్దిగా జరుగుతుంది. ఎడమవైపు మామూలు మర పెడితే తొక్కినకొద్దీ అది ఊడే దిశలోనే జరుగుతుంది, అందుకే ఈ ఏర్పాటు. విమానం ఎగరేయక ముందు సైకిళ్లు చేసి అమ్ముకున్న రైట్ సోదరులు 1900లో ‘ఊడిరాని పెడల్’ అని గొప్పగా చెప్పుకున్నది ఈ ఎదురు మర గురించే. పెడల్ కొసన ఎడమదానికి ఎల్, కుడిదానికి ఆర్ అని చెక్కి ఉంటుంది. ఏ వైపుదైనా సరే, పెడల్‌కు ఎదురుగా నిలబడి పానా పైకొసను సైకిల్ ముందు భాగం వైపుకు తోస్తే బిగుసుకుంటుంది. ఇది గుర్తుంటే ఎడమ, కుడి తికమక ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, మొదటి ఐదారు చుట్లూ పానా ముట్టకుండా వేళ్లతోనే తిరగాలి. వేళ్లకు లొంగకపోతే వంకరగా ఎక్కుతున్నట్టే, వెనక్కి తీసి మళ్లీ పెట్టాలి. సైకిల్ అమర్చడానికి వచ్చిన మనిషి చేయని పని ఈ ఒక్కటే.

కంపెనీవాళ్లు మొదట ఒప్పుకోలేదు. పెడళ్లు అరిగే భాగాలట, వారంటీ కిందికి రావట. అరిగింది పెడల్ కాదు మహాప్రభో, క్రాంకు అని ఎన్నిసార్లు చెప్పినా ఫోనులో ప్రతిసారీ కొత్త గొంతు, మళ్లీ మొదటి నుంచి కథ. చివరికి నన్ను గట్టెక్కించింది సైకిల్ వచ్చిన రోజు మా అమ్మాయి సరదాగా తీసిన వీడియో. అందులో ఆ మనిషి ఎడమ పెడల్‌ను రంధ్రంలో పెట్టీ పెట్టగానే పానా తగిలించి, దాని మీద కాలు వేసి తొక్కుతున్నాడు. అది పంపాక ఇక మాటల్లేవు. కొత్త క్రాంకు వచ్చింది. పెద్దాయనే బిగించారు, పెడల్ మాత్రం నా చేత ఎక్కించారు. ఆ రోజు నుంచి ఎడమవైపు చప్పుడు లేదు. అప్పుడప్పుడు పానా పెట్టి బిగువు చూసుకుంటాను, అంతే.

అదే సందర్భంలో మరో లాభం. చాలా సైకిళ్ల పెడల్ మర 9/16 అంగుళాలదే కాబట్టి, దీనితో వచ్చిన జారుడు ప్లాస్టిక్ పెడళ్లు తీసేసి బయట దొరికే మంచివి వేయించుకున్నాను. చవక రకాల్లో కొన్నిటికి అర అంగుళం మర ఉంటుంది, కొనేముందు కొలవడం మంచిది.

ఇక మౌనం గురించి పైన అంతగా పొగిడాను కదా, దానికి కొన్ని సవరణలు. చప్పుడు లేదన్న మాట గదిలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. మేముండేది పై అంతస్తు. నిలబడి ఊపుగా తొక్కినప్పుడు చట్రం ఊగి, ఆ అదురు నేలలోకి దిగుతుంది. కింది ఇంటివారు ఒకసారి చాలా మర్యాదగా అడిగారు, ఉదయాన్నే మా ఇంట్లో ఏదైనా దంచుతున్నారా అని. దళసరి రబ్బరు చాప పరిచి, నాలుగు కాళ్ల మరలు తిప్పి చట్రం ఊగకుండా సమం చేశాక ఆ మాట మళ్లీ రాలేదు. అయినా తెల్లవారుజామున నిలబడి తొక్కడం మానుకున్నాను.

రెండోది, మౌనానికి చెల్లించాల్సిన మూల్యం. అయస్కాంతపు బిగువు చక్రం వేగాన్ని బట్టి మారుతుంది. నాబ్ ఒకే చోట ఉన్నా వేగంగా తొక్కితే ఎక్కువ లాగుతుంది, మెల్లగా తొక్కితే తేలికైపోతుంది. నిటారు గుట్ట ఎక్కుతున్నట్టు నెమ్మదిగా, భారంగా తొక్కే కసరత్తు కావాలంటే, ఎంత మెల్లగా తిప్పినా అదే పట్టు ఇచ్చే పాత ఉన్ని మెత్తే నయం. నాకు అలాంటి కసరత్తు అవసరం లేదు కాబట్టి లోటు తెలియలేదు. కాళ్లలో బలం ఉన్న మా తమ్ముడు మాత్రం రెండు రోజులు తొక్కి పెదవి విరిచాడు.

తెర మీది అంకెలను నేను చూడటం మానేశాను. నా సైకిల్ మీటరు పెడల్ చుట్లను మాత్రమే లెక్కపెడుతుంది, నాబ్ ఎక్కడుందో దానికి తెలియదు. బిగువేమీ లేకుండా ఊరికే తిప్పినా, పళ్లు బిగబట్టి తొక్కినా, చుట్లు సమానమైతే కిలోమీటర్లూ కేలరీలూ సమానమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతుంది. అందుకు గోడ గడియారం చాలు. చక్రం బరువు గురించి గొప్పలు చెప్పే ప్రకటనలదీ ఇదే తీరు. తిరిగే చక్రంలో నిలవుండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, తేలిక చక్రమైనా పుల్లీల వల్ల ఎక్కువ వేగంతో తిరిగితే తొక్కుడు అంతే నునుపుగా ఉంటుంది.

సీటు ఎత్తు అందరూ చెప్పేదే: మడమ పెడల్ మీద పెట్టి కిందికి చాపితే కాలు తిన్నగా రావాలి, పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగాలి. మోకాలి ముందు నొప్పి పుడితే సీటు పల్లంగా ఉందేమో చూడాలి, వెనక లాగుతుంటే ఎక్కువ ఎత్తేమో చూడాలి. నాకు ఒక గీత పైకి జరపగానే ముందున్న సన్నటి నొప్పి పోయింది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు తొక్కేటట్లయితే ఎవరి గీత ఎంతో గొట్టం మీద గుర్తు పెట్టుకోవడం మేలు. ఒక ఫ్యాను కూడా కావాలి, కదలని సైకిల్ మీద ఎదురుగాలి ఉండదు, చెమట ఆరదు. ఆ చెమట హ్యాండిల్ కింది బోల్టుల మీద పడి తుప్పు పట్టిస్తుంది, దిగగానే తుడవకపోతే.

నా ఎత్తు మధ్యరకం, వయసు మధ్యరకం, పోటీలకు పోయే ఉద్దేశం లేదు, తెల్లవారుజామున తప్ప తీరిక లేదు. ఇలాంటివారికి మాగ్నెటిక్ రకమే చెబుతాను, అమర్చేటప్పుడు పక్కన నిలబడి ఎడమ పెడల్ వేళ్లతో ఎక్కించమని పట్టుబట్టండి అని కూడా. చిన్నపిల్లలున్న ఇల్లయితే మాత్రం ఇంకొకటి తేల్చుకోవాలి. నాదాంట్లో చక్రం పెడళ్లకు నేరుగా ముడిపడి ఉంది, కాళ్లు ఆపినా పెడళ్లు ఆగవు, ఆపాలంటే నాబ్ కిందికి నొక్కాలి. మా అమ్మాయి పెద్దదే కాబట్టి సరిపోయింది. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు బిగువు పూర్తిగా పెంచి, గది తలుపు వేసేస్తాను. ఇంట్లో పాకే పాప ఉండి ఉంటే, మౌనం కాస్త తగ్గినా, కాళ్లు ఆపగానే పెడళ్లు ఆగే రకమే తెచ్చుకునేవాణ్ణి.