ఫ్లషింగ్‌లో బాతు తినాలంటే ముందు అద్దం వెనక చూడండి

మాది కైకలూరు వైపు. కోతలయ్యాక చేలల్లోకి దిగే బాతుల మందల్ని చూస్తూ పెరిగాను, అయినా బాతు అంటే కారం దట్టించిన ఇగురు తప్ప ఇంకోటి తెలీదు. అందుకే న్యూయార్క్‌లో చైనా వాళ్ల బాతు తిని తీరాలని, మాన్‌హటన్ వదిలేసి క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో మూడు రాత్రులు గది తీసుకున్నాం. 7 నంబరు రైలుకి ఆఖరి స్టేషన్ ఇదే, మెయిన్ స్ట్రీట్. గది ఇరుకు, రాత్రంతా రోడ్డు రొద, కానీ శుభ్రంగా ఉంది, పొద్దున్నే వెళ్తే పెట్టెలు ఉచితంగా దాచిపెట్టారు. నడిచి అయిదు నిమిషాల్లో తిండి వీధుల్లో ఉంటాం, నాకు అదే ముఖ్యం.

శుక్రవారం రాత్రి పెద్ద రెస్టారెంట్‌లో పెకింగ్ బాతు చెప్పాం. చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊది, పాకం పూసి, బాగా ఆరబెట్టి కాలుస్తారు, అంత కష్టమూ చర్మం కరకరలాడటానికే. మాకు మాత్రం లోపలెక్కడో కోసి తెచ్చారు, వచ్చేసరికి చల్లారి చర్మం మెత్తబడింది. పల్చటి రొట్టెలు కూడా ఒకదానికొకటి అంటుకుపోయాయి. అంత ఖరీదు పెట్టి ఇదా అని చాలా బాధేసింది. మీరు వెళ్తే, టేబుల్ దగ్గరే కోస్తారా అని ముందే అడగండి.

శనివారం మాంసం ముట్టం కాబట్టి బౌన్ స్ట్రీట్‌లోని వినాయకుడి గుడికి వెళ్లాం. 1977 నాటి గుడి, కింద క్యాంటీన్‌లో దోసె బాగుంటుంది.

ఆదివారం పదకొండున్నరకి అసలు బాతు దొరికింది. అద్దం వెనక కొక్కేలకి నిగనిగలాడుతూ వేలాడే బాతులున్న చిన్న కాంటోనీస్ (దక్షిణ చైనా వంటల) కొట్టు, కూర్చోడానికి నాలుగు బల్లలు, నగదు మాత్రమే తీసుకుంటారు. సగం బాతు అడిగాను. కొట్టాయన ఒకదాన్ని దించి గుండ్రటి మొద్దు మీద పెట్టి, వెడల్పాటి కత్తితో నిలువునా చీల్చి, కడుపులోని రసాన్ని గిన్నెలోకి వంపుకుని, ఎముకతో సహా టకటకా ముక్కలు కొట్టి, ఆ రసాన్నే పైన పోశాడు. అనాసపువ్వు వాసన, నీచు అస్సలు లేదు, చర్మం కింద కొవ్వు కరిగిపోయి పల్చగా మిగిలింది. మా ఆవిడ మొదట మొహం తిప్పుకుంది, తర్వాత కాలు ముక్క నాకు మిగల్చలేదు! పావు బాతు కొంటే కాలున్న భాగమే అడగండి, కాస్త ఎక్కువైనా పర్లేదు. మధ్యాహ్నం దాటితే వేలాడి వేలాడి ఎండిపోతుంది.

ఇక్కడ బాతుకి పాత చరిత్రే ఉంది. 1873లో చైనా నుంచి తెచ్చిన తెల్ల బాతులతోనే లాంగ్ ఐలాండ్ బాతుల పెంపకం పేరు తెచ్చుకుంది, క్వీన్స్ ఉన్నది కూడా ఆ దీవి మీదే.

న్యూ వరల్డ్ మాల్ దగ్గర్లో కారం బాతు మెడలు కూడా తిన్నాం, సిచువాన్ మిరియాలకి నాలుక తిమ్మిరెక్కింది. మాంసం తక్కువ, కొరుక్కుంటూ కూర్చోడానికి బాగుంటుంది. ఉల్లికాడలు, కీర, సోయాతో చేసే తియ్యటి హోయ్‌సిన్ సాస్‌తో తెల్లటి బన్నులో పెట్టిచ్చే బాతు ముక్కలు పిల్లలకి నచ్చుతాయి, నాకైతే బన్నే ఎక్కువనిపించింది.

సోమవారం న్యూజెర్సీ ఎడిసన్‌లోని చెల్లి వాళ్లింటికి ఇంకో సగం పట్టుకెళ్లాం. డబ్బా మూత బిగించడంతో దారిలోనే చర్మం చెమర్చి మెత్తబడింది, మూత కొంచెం తెరిచి ఉంచాల్సింది. ఎముకలతో చెల్లి మిరియాల చారు కాచింది, అది మాత్రం బావ రెండుసార్లు పోయించుకున్నాడు.