కొలను మంచిదే, స్నానానికి మరుగేదీ?

విజయనగరంలో నేను ఈతకు వెళ్లే కొలను పొడవు, లోతు, రుసుము అన్నీ గేటు దగ్గర బోర్డు మీదే ఉంటాయి. వాటి జోలికి పోను. కొన్నేళ్లుగా అక్కడే ఈదుతున్నాను. ఇన్నాళ్లలో నన్ను విసిగించినవీ, కోపం తెప్పించినవీ, ఒక్కసారి మాత్రం ఎంతో సంతోషపెట్టినవీ అక్కడి షవర్లే. కొలను పేరు రాయడం లేదు. ఇటువైపు ఏ కొలనులో చేరబోయే ఆడవాళ్లయినా డబ్బు కట్టే ముందు చూసుకోవలసిన సంగతులివి.

ముందు గట్టు మీది షవర్ల గురించి. ‘కొలనులోకి దిగే ముందు తప్పక స్నానం చేయాలి’ అని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ రాత కిందే నాలుగు షవరు గొట్టాలు. అటూ ఇటూ ఏ అడ్డూ లేదు. ఎదురుగా మెట్ల వరస. పిల్లలను తీసుకొచ్చినవాళ్లు, తర్వాతి బ్యాచి కుర్రాళ్లు ఆ మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. మగవాళ్లకు దానితో ఇబ్బంది లేదు. లాగుతో వచ్చి, ఒళ్లు తడుపుకుని, వెళ్లి దూకుతారు. ఆడవాళ్లకు కేటాయించిన గంటలో మెట్ల మీద మగవాళ్లు ఉండకూడదనే నియమం ఉంది. కానీ మా గంట మొదలయ్యేసరికి ముందు బ్యాచి ఇంకా కదలదు, ముగియక ముందే తర్వాతి బ్యాచి వచ్చేస్తుంది.

మాలో ఎక్కువమంది వేసుకునేవి మోచేతుల దాకా, చీలమండల దాకా వచ్చే ఈత దుస్తులే. అయినా తడిస్తే ఒంటికి అంటుకుపోయే బట్ట. అందుకని గదిలోంచి తువ్వాలు కప్పుకుని వస్తాం, గట్టు అంచున తువ్వాలు వదిలి ఆ క్షణమే నీళ్లలోకి దిగిపోతాం. కొలనులో ఉన్నంతసేపూ మెడ దాకా నీళ్లే మరుగు. ఆ షవర్ల కింద నిలబడితే ఆ మరుగు కూడా ఉండదు. గోడ వైపు తిరిగి నిలబడినా వీపు వెనక ఏ ఫోను ఎటు తిరిగి ఉందో తెలియదు. కాబట్టి ఎర్ర అక్షరాలు ఏం చెప్పినా ఆడవాళ్లు కాళ్లు మాత్రం కడుక్కుని దిగుతారు.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. బహుశా అందుకే ఈ సంగతి నాకు మరీ మింగుడు పడదు. కొలను దగ్గర ముక్కుకు తగిలే ఘాటును అందరూ క్లోరిన్ వాసన అంటారు. కళ్లు మండితే మందు ఎక్కువ వేశారంటారు. చెమటలోనూ మూత్రంలోనూ ఉండే యూరియా, అమ్మోనియా వంటి నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమైన్లు తయారవుతాయి. ఆ ఘాటూ, కళ్ల మంటా, కొందరికి వచ్చే దగ్గూ ఎక్కువగా వాటివల్లే. పైగా అలా మారిపోయిన క్లోరిన్‌కు క్రిములను చంపే శక్తి బాగా తగ్గిపోతుంది. ఇలా దేనితోనూ కలవకుండా మిగిలిన విడి క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, నీళ్ల ఆమ్ల-క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచి, దిగేవాళ్లు చెమట కడుక్కుని దిగితే నీళ్ల వాసన పెద్దగా తెలియదు. ఒక్క నిమిషం షవరు కింద నిలబడితే ఒంటి మీది మురికి చాలావరకు పోతుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. ఆ ఒక్క నిమిషం నిలబడే చోటు మాకు లేదు.

నీళ్లలో క్లోరిన్‌ను రంగుతో కొలిచే డీపీడీ మాత్రల కిట్టు తెచ్చుకుని నీళ్లు పరీక్షించి చూశాను. మొదటి మాత్రకు విడి క్లోరిన్ గులాబీ రంగు చూపిస్తుంది. రెండో మాత్ర వేస్తే క్లోరమైన్ల లెక్క కూడా చేరి రంగు ముదురుతుంది. పొద్దున్నే తీసిన నీళ్లలో రెండు రంగులకూ తేడా కనిపెట్టడం కష్టమైంది. సాయంత్రం మా గంట చివర తీసిన నీళ్లలో రెండో మాత్ర కరగగానే రంగు స్పష్టంగా చిక్కబడింది. మా కన్నా ముందు దిగిన పిల్లల బ్యాచి వాటా కూడా అందులో ఉంటుంది. ఆ పిల్లలూ షవరు కింద నిలబడరు, పరుగెత్తుకొచ్చి దూకేస్తారు.

కానీ అక్కడ మాట పడేది మాత్రం మాకే. ‘ఆడవాళ్ల నూనె తలల వల్లే నీళ్లు పాడవుతున్నాయి’ అని మా ఎదుటే అనేవారు. కొబ్బరి నూనె తలలు నిజమే, నూనె కూడా క్లోరిన్‌ను తినేస్తుంది, టోపీ పెట్టుకున్నా అంచుల నుంచి కారుతుంది. ఆ నూనె కడుక్కోవడానికి నలుగురి కళ్లు పడని చోటు ఒకటి చూపించి, అప్పుడు ఆ మాట అని ఉంటే నేను తల వంచుకుని వినేదాన్ని.

ఇక ఈత అయ్యాక స్నానం చేసే లోపలి గదులు. చేరిన కొత్తలో అడిగినవాళ్లందరికీ ‘గదులు శుభ్రంగా ఉంటాయి, నిశ్చింతగా వెళ్లండి’ అని చెప్పేదాన్ని. శుభ్రం మాట ఇప్పటికీ నిజమే. రోజూ కడుగుతారు, ఫినాయిలు వాసన వస్తుంది, నేల పాచి పట్టదు. నిశ్చింతగా అన్న మాట ఇప్పుడు అనను. తలుపులు ప్లైవుడ్‌వి. మొదటి వానాకాలానికే అడుగు భాగం నీళ్లు పీల్చి ఉబ్బింది, గడియ దాని రంధ్రానికి ఎదురుగా రావడం మానేసింది. తర్వాత ఏడాదికి మూడింటిలో రెండు తలుపులకు గడియ పడటమే లేదు. లోపల బట్టలు తగిలించుకోవడానికి ఒక్క మేకు కూడా లేదు. తలుపు మీద వేసిన జాకెట్టో చున్నీయో తలుపు కదిలితే తడి నేల మీద పడుతుంది. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడటం మాలో మాకు ఒప్పందం. పరిచయం లేని మనిషినైనా ‘కాస్త తలుపు పట్టుకోండమ్మా’ అని అడగడం అక్కడ మామూలైపోయింది. వెనక గోడకు పైన వెంటిలేటరు, దానికి అడ్డంగా గాజు పలకలు. అందులో ఒక పలక ఎప్పుడో ఊడిపోయింది. అవతల మోటారు గది, పైన నీళ్ల ట్యాంకు. అటు ఎవరూ వెళ్లరు కదా అని అందరం సరిపెట్టుకునేవాళ్లం.

మే నెలలో ఒక సాయంత్రం ఆ సరిపెట్టుకోవడం ముగిసింది. ఈత అయ్యి మేం లోపలికి వచ్చేసరికి కరెంటు లేదు. ట్యాంకులో మిగిలిన నీళ్లతోనే స్నానాలు మొదలుపెట్టాం, మధ్యలో ధార సన్నబడి ఆగిపోయింది. ఇద్దరి తలల నిండా షాంపూ నురగ. గడియ పడని ఒక గదిలో పదకొండేళ్ల అమ్మాయి, బయట తలుపు పట్టుకుని వాళ్లమ్మ. కరెంటు వచ్చినా మోటారు నీళ్లు ఎత్తలేదు. బయట ఎవరో మెకానిక్‌ను పిలిచినట్టున్నారు, లోపల ఉన్న మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన ట్యాంకు చూడటానికి నిచ్చెన వేసుకుని ఎక్కాడు. నిచ్చెన ఆనించిన చోటు సరిగ్గా ఆ వెంటిలేటరు పక్కన. ‘నీళ్లు వస్తున్నాయా అమ్మా?’ అని ఆయన గట్టిగా అడిగితే, ఆ గొంతు మా తలల మీదే వినబడింది.

ఆ తర్వాత జరిగినది తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఎవరికి దొరికిన గుడ్డ వాళ్లు కప్పుకున్నారు. నురగ కళ్లలోకి దిగి ఒకావిడ తన తువ్వాలు ఎక్కడుందో కనబడక గోడ తడుముతోంది. ఆ అమ్మాయి తలుపు వెనక మూలకు జరిగి మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుండిపోయింది. వాళ్లమ్మ బయటికి వెళ్లి కేక వేద్దామంటే తలుపు వదలాలి, వదిలితే తలుపు తెరుచుకుంటుంది. ఆవిడ కదలలేక అక్కడే నిలబడి ఏడ్చింది. నేను తడి బట్టల మీద చున్నీ చుట్టుకుని బయటికి వెళ్లి ఆయనను దిగమన్నాను. వెంటనే దిగాడు. ‘లోపల ఆడవాళ్లు ఉన్నారని నాకు చెప్పలేదమ్మా’ అన్నాడు. ఆ మాట నిజమేనని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. పర్యవేక్షణ చూసే అతను మాత్రం, ‘ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు మేడం, అటు చూడడు’ అన్నాడు.

మెకానిక్ చూడలేదనే నేనూ నమ్ముతున్నాను. కానీ చూడటానికి వీలున్న గది కట్టి, బయటివాళ్ల మంచితనం మీద భారం వేసి స్నానం చేయమంటే ఎలా? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం, ఇలా ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, ఫొటో లేదా వీడియో తీయడం నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. అంతకు ముందు భారతీయ శిక్షాస్మృతిలోనూ 2013 సవరణతో 354సీ సెక్షనుగా ఇదే ఉంది. చట్టం కదిలేది ఘోరం జరిగాక. అది జరగకుండా ఆపే గాజు పలకకు అయ్యే ఖర్చు ఎంత?

ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. మా అందరి కన్నా బాగా ఈదేది. వెల్లకిలా ఈతలో మలుపు దగ్గర గోడను తన్ని వెళ్లే తీరు చూడటానికి నేను గట్టు పట్టుకుని ఆగిపోయేదాన్ని. వాళ్లమ్మ తర్వాత బజారులో కనబడి, ‘ఈత అంటే ఇష్టమేనండీ, ఆ గదిలోకి మాత్రం వెళ్లనంటోంది’ అని చెప్పింది. పక్క జిల్లాలో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిందని ప్రతి క్రీడా దినోత్సవానికీ మా కాలేజీలో చెప్పుకుంటాం. పతకాల సంగతి పక్కన పెట్టినా, ఇష్టమున్న ఒక పిల్ల గడియ లేని తలుపు వల్ల ఈత మానేసిందన్న బాధ నన్ను వదలడం లేదు.

ఫిర్యాదు రాసి ఇచ్చాం. ఊడిన పలక స్థానంలో కొత్త పలక వచ్చింది, మిగతావాటికి బయటి నుంచి తెల్లరంగు వేశారు. తలుపుల గురించి ‘పైనుంచి డబ్బు మంజూరైతే చూద్దాం’ అన్నారు.

సంతోషపెట్టిన సంగతి ఆ ఏడాది దసరా తర్వాత జరిగింది. ఆడవాళ్ల గది చూసుకోవడానికి కొత్తగా ఒకావిడ చేరింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిపోయింది, ఊరంతా కట్టిన ఫ్లెక్సీలు విప్పుతున్నారు. ఆవిడ ఒక పెద్ద ఫ్లెక్సీ అడిగి తెచ్చుకుంది. పాత రంగు డబ్బాలలో ఇసుక నింపి, సరుగుడు కర్రలు నిలబెట్టి, గట్టు మీది షవర్లలో చివరి రెండింటికి మూడు వైపులా తెర కట్టింది. బొమ్మలు లోపలికి, తెల్ల వైపు బయటికి. ఎవరూ ఆవిడను చేయమని అడగలేదు. నేను వెళ్లేసరికి ఎదురొచ్చి, ‘ఇప్పుడు నిలబడండి మేడంగారూ, మెట్ల మీంచి ఏమీ కనబడదు, పై మెట్టు దాకా నేనే ఎక్కి చూశాను’ అంది.

పై మెట్టు దాకా ఎక్కి చూడటం! కట్టినవాళ్లలో ఒక్కరు ఆ మెట్ల మీద కూర్చుని ఒక్కసారి ఇటు చూసి ఉంటే ఇన్నేళ్ల బాధ ఉండేది కాదు. ఆ రోజు తల నిండా నీళ్లు పోసుకుని, తీరిగ్గా చేతులూ మెడా రుద్దుకుని, ఆ తర్వాత దిగాను. నా వెనక వరసలో మిగతావాళ్లు నిలబడ్డారు. ఎర్ర అక్షరాలతో ఇన్నేళ్లూ కాని పని పాత ఫ్లెక్సీతో ఒక్క సాయంత్రంలో అయింది.

ఆ తర్వాత వారాల్లో కళ్ల మంట తగ్గింది. కిట్టులో రెండో మాత్రకు రంగు ముదరడం కూడా తగ్గింది. ఈ ఘనతంతా తెరదే అని మాత్రం అనలేను. అవి చలి మొదలయ్యే రోజులు. చెమటా తక్కువ, వచ్చే జనమూ తక్కువ. కానీ నూనె తలల మాట ఆ తర్వాత మా చెవిన పడలేదు.

అయితే ఆ తెర ఆవిడ ఉన్న రోజే ఉంటుంది. గాలివానకు ఒకసారి చిరిగింది, ఆవిడే ఇంకొకటి తెచ్చి కట్టింది. సెలవు పెట్టిన రోజు కర్రలు మూలకు చేర్చి ఉంటాయి, మేం మళ్లీ కాళ్లు కడుక్కునే దిగుతాం. అక్కడ కావలసింది రెండు అడ్డుగోడలు, నీళ్లకు ఉబ్బని మూడు పీవీసీ తలుపులు, వాటికి గడియలు, లోపల కొక్కేలు. ఇంతే. కొత్త టైల్సు వేశారు, ముందు ద్వారానికి రంగులు వేశారు. తలుపులు అవే.

వెళ్లమంటారా అని అడిగితే, ఒక్క మాటలో చెప్పలేను. మా ఇల్లు దగ్గర. తడి బట్టల మీద పొడి చుడీదారు వేసుకుని బండి మీద ఇంటికొచ్చి స్నానం చేయగలను. మోకాళ్ల నొప్పికి ఈత చేసిన మేలు ఏ మాత్రా చేయలేదు, అందుకని మానలేను. నెల్లిమర్ల నుంచో గజపతినగరం నుంచో బస్సులో వచ్చేవాళ్లు అక్కడే స్నానం చేసి వెళ్లాలి. వాళ్లకు ఈ తలుపులతో కష్టం. ఎదిగే ఆడపిల్లను పంపాలనుకుంటే తల్లి కూడా లోపలి దాకా వెళ్లాలి. చేరే ముందు ఒక సాయంత్రం వెళ్లి, ప్రతి తలుపూ మూసి గడియ వేసి చూడండి, వెంటిలేటరు అవతల ఏముందో చూడండి, మెట్ల మీద కూర్చుని షవర్ల వైపు చూడండి. నేను మాత్రం వచ్చే నెలకూ డబ్బు కడతాను. మూడు నెలలకు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటున్నారు. తలుపులు మారేదాకా అలా కట్టను.