షెంజెన్ వీసా: నెల్లూరులో భయపెట్టారు, చెన్నైలో పని జరిగింది

"చెరువుల మీద బతికేవాళ్లకు ఐరోపా వీసా రాదు సార్" అన్నాడు నెల్లూరులో ఒక ట్రావెల్ ఏజెంటు, నా బ్యాంకు స్టేట్‌మెంటు మొదటి పేజీ కూడా పూర్తిగా చూడకుండానే. రాదన్న ఆ నోటితోనే మనిషికి 15,000 ఇస్తే వచ్చేలా చూస్తానన్నాడు. వీసా ఫీజు, బీమా మళ్లీ వేరే. చాలా ఐరోపా దేశాలకు ఒక్కటే సరిపోయే షెంజెన్ వీసా మీద వెళ్లాలనుకున్నది నేను, మా ఆవిడ, మా అమ్మ. అంటే 45,000 కేవలం ఆయన అభయహస్తానికి.

మాది ఇందుకూరుపేట వైపు వనామీ రొయ్యల సాగు. పట్టుబడి అయిన వారం ఖాతాలో లక్షలు పడతాయి. మేత బాకీ, కరెంటు బిల్లు, కూలీలు తీరేసరికి ఖాతా చిక్కిపోతుంది. మళ్లీ పంట చేతికొచ్చేదాకా చిల్లర జమలే. ఏజెంటుకు కనిపించిన రోగం అదే, మందు కూడా ఆయన దగ్గరే ఉంది. తెలిసిన ఫైనాన్సు ఆయన ఒకరు మా ఖాతాలో 5 లక్షలు వేస్తాడట, నూటికి రెండు రూపాయల వడ్డీ, వీసా రాగానే తిరిగి ఇచ్చేయాలట. పైగా ముందు పారిస్‌లో దిగుతున్నాం కాబట్టి ఫ్రాన్స్‌కే దరఖాస్తు పెట్టాలట. ఇన్ని తప్పులు ఇంత ధీమాగా చెప్పే మనిషిని నేను ఈ మధ్య చూడలేదు. మా ఆవిడ మాత్రం బెదిరిపోయింది. ఇల్లు చేరేదాకా "పోనీ ఊటీ వెళ్దాం" అంటూనే ఉంది.

ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్నది ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. మేం ఎక్కువ రోజులు ఉండేది స్విట్జర్లాండ్‌లో, కాబట్టి అడగాల్సింది స్విస్ వీసా. ఇక ఖాతా సంగతి. నిల్వ ఎంత ఉందన్నది ఒక్కటే చూడరు, ఆ డబ్బు ఎక్కడిదన్నదీ చూస్తారు. దరఖాస్తుకు పది రోజుల ముందు ఊడిపడ్డ 5 లక్షలకు ఎవరు జవాబు చెబుతారు?

నేను ఒక పేజీ ఉత్తరం రాశాను: రొయ్యల పంట ఎన్నాళ్లకు వస్తుంది, డబ్బు ఎప్పుడు పడుతుంది, ఎందుకు ఖాళీ అవుతుంది. స్టేట్‌మెంటులో ప్రతి పెద్ద జమ పక్కన పెన్సిల్‌తో ఒక అంకె వేసి, అదే అంకెతో కొనుగోలుదారు ఇచ్చిన తూకం బిల్లు జత చేశాను. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నది) ఎంత, ఎన్ని కిలోలు, ధర ఎంత అన్నీ అందులోనే ఉంటాయి. మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు పెట్టాను. అమ్మకు సొంత ఆదాయం లేదు కనుక ఖర్చు నాదేనని మరో ఉత్తరం. నా పాస్‌పోర్టు చివరి పేజీలో అమ్మ పేరు ఉంది, బంధుత్వానికి అదే ఆధారం. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకోగలిగేవే బుక్ చేశాను. విమానానికి రిజర్వేషన్ చూపించాను తప్ప వీసా చేతికి రాకముందు టికెట్ కొనలేదు. మీరూ కొనకండి.

ఖర్చులు చెబుతాను. 2024 జూన్ నుంచి పెద్దలకు వీసా ఫీజు 90 యూరోలు, అంతకుముందు 80. తిరస్కరించినా వెనక్కి రాదు. దరఖాస్తులు తీసుకునే కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. మామూలుగా అది వీసా ఫీజులో సగం దాటకూడదని నిబంధన. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మా ఇద్దరికీ తలా 1,420 రూపాయలు, అమ్మ వయసు వల్ల ఆమెకు 4,860 అయింది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. ఎండాకాలం వెళ్లాలంటే సంక్రాంతి ముగ్గులు చెరగకముందే కేంద్రంలో హాజరయ్యే స్లాటు వెతుక్కోండి, తర్వాత దొరకడం గగనం.

మేం దరఖాస్తు ఇవ్వాల్సిన కేంద్రం చెన్నైలో ఉంది. బస్సులో వెళ్తే మాధవరంలో దింపుతారు, అక్కడి నుంచి ఆటోవాళ్లతో బేరం. అమ్మ మోకాళ్లు తలచుకుని కారు మాట్లాడాను, టోల్‌తో కలిపి 6,200. కేంద్రం ఉన్న భవనం కిందే ఒక జిరాక్సు దుకాణం. మా కవరు చూడగానే దుకాణదారు ఎదురొచ్చి, అందులోని ఫోటోలు బయటికి తీసి చూసి పెదవి విరిచాడు. "ఇవి చెల్లవు, మేం తీస్తాం, మనిషికి 350." మా ఆవిడ అప్పటికే కొంగు సర్దుకుంటోంది. నేను అతని బల్ల మీది స్కేలే అడిగి ఫోటో మీద పెట్టాను. 35 అడ్డం, 45 నిలువు, గడ్డం నుంచి నడినెత్తి దాకా 34 మిల్లీమీటర్లు, వెనక తెలుపు. నెల్లూరు ట్రంకు రోడ్డులో స్టూడియో కుర్రాడు ఎనిమిది ఫోటోలకు 120 తీసుకుని వెంట్రుకవాసి తేడా లేకుండా ఇచ్చాడు. పైన కౌంటరులో వాటిని మారు మాట లేకుండా తీసుకున్నారు.

అసలు ఇబ్బంది మేం ఊహించని చోట వచ్చింది. పది వేళ్లూ స్కానరు మీద పెట్టాలి. జీవితమంతా చింతపండు పిసికి, అంట్లు తోమిన అమ్మ వేళ్లు నున్నగా అరిగిపోయాయి, యంత్రం ప్రతిసారీ ఎర్ర గీతే చూపించింది. అమ్మ ముఖం చిన్నబోయింది, తన వల్ల అందరి ప్రయాణం ఆగుతుందని. కౌంటరులోని అమ్మాయి మాత్రం విసుక్కోలేదు. తమిళ యాస తెలుగులో "అమ్మమ్మా, భయం వద్దు" అంటూ తడిగుడ్డతో వేళ్లు తుడిచి, కాస్త లోషన్ రాసి, తన అరచేతితో ఒక్కో వేలినీ మెల్లగా అదిమింది. కుడి బొటనవేలు చివరికి పడింది. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల వరకు పనికొస్తాయని ఆ అమ్మాయే చెప్పింది. అమ్మ ఆమెకు అక్కడికక్కడే పెళ్లి సంబంధం చూడబోయింది.

తిరుగుదారిలో సూళ్లూరుపేటలో ఒక చిన్న మెస్సులో ఆగాం. భోజనం 130, కొరమీను పులుసు ముక్క 90. పులుసులో మామిడికాయ పడింది, నూనె పైకి తేలింది. పొద్దుటి నుంచి ముభావంగా ఉన్న మా ఆవిడ రెండో ముక్క అడిగింది.

పాస్‌పోర్టులు కొరియరులో వచ్చాయి, మూడింటికీ వీసా ఉంది. పర్యటన సాఫీగా జరిగింది, అందువల్ల చెప్పుకోవడానికి ఏమీ లేదు. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు ఒక వెసులుబాటు వచ్చింది. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు పొంది సక్రమంగా వాడినవారికి తర్వాత రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా (ఒకటికి మించి సార్లు వెళ్లిరాగలిగేది), ఆపైన పాస్‌పోర్టుకు తగినంత గడువు ఉంటే అయిదేళ్లది ఇస్తారు. ఊటీ అన్న మనిషే ఇప్పుడు ఇటలీ అంటోంది. అమ్మ పాస్‌పోర్టుకు గడువు కొద్దిగానే మిగిలింది, ముందు దాన్ని రెన్యువల్ చేయించాలి. 36 పేజీలదానికి మామూలు ఫీజు 1,500, దరఖాస్తు ఆన్‌లైన్‌లో మనమే నింపుకోవచ్చు.